వదిలీ అన్నాడు

నరసన్నపేట,
3 ఆగస్టు 2017, గురువారం.

నా దీవెనకు,

పొద్దున్న ప్రార్థనలో ఎల్లాజీ పేరు ముందు, నీ పేరు తరవాత చెప్పుకుని ఈ కాగితం ముందు కూర్చున్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. చేతిరాత చూసి నవ్వకు. "గొట్టాలు నాలుగు, ఎల్బోలు రెండు" అని సామాన్ల చీటీ రాయడం తప్ప ఈ చేతికి వేరే రాత అలవాటు లేదు.

నా మీద నీకు కోపంగా ఉందని తెలుసు. పదకొండు రోజులుగా నువ్వు విజయనగరం కంటి ఆసుపత్రిలో మీ అన్న మంచం పక్కన కూర్చుని ఉన్నావు. నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను రెండు ముక్కలు మాట్లాడి, సిగ్నల్ లేదని పక్కింటి తవిటమ్మ వదిన చేతికి ఇచ్చేస్తున్నాను. నిన్న ఆవిడతో అన్నావట, "మా అన్న కన్ను ఎలాగున్నాదో అడగడానికి ఆ మనిసికి నోరు రాదేటి?" అని. ఆవిడ నా ముందుకొచ్చి, నా ముఖంలోకి చూసి చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. ఫోన్లో నువ్వే అని ఉంటే తెలిసేది కాదు.

దీవెనా, నాకు చెవులు సరిగ్గా వినపడవు. కుడిచెవి మొత్తం పోయింది. ఎడమ చెవిలోకి మాట వస్తుంది గానీ దాని చివర రాదు. ఏప్రిల్ నుంచీ ఇంతే. నీకు చెప్పలేదు.

మొదటినుంచీ చెప్పనీ. నీకు తెలిసిందే అయినా చెప్పనీ, ఎందుకంటే నీకు తెలిసింది సగమే. కిందటి చలికాలంలో ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏ దేశంవాడో, బట్టతల మనిషి, పీవీసీ గొట్టం మూతిలో బంగాళాదుంప కూరి వెనక మీట నొక్కాడు. ధుమ్మని దుంప చెట్లు దాటి పోయింది. అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా గెంతాడు. ఇరవై ఏళ్ళుగా గొట్టాలు అతికిస్తున్నాను, అందులోంచి నీళ్ళు తప్ప ఇంకోటి పోగలదని నాకు ఒక్కనాడూ తోచలేదు. మర్నాడే పనిచోట మిగిలిన ముక్కలన్నీ షెడ్డులో పోగేశాను. మొదటి గొట్టం అతుకు దగ్గర చీలింది. రెండోది దుంపని నాలుగు బారల దూరంలో ఉమ్మేసింది. నువ్వు గుమ్మంలో నిలబడి, "నీ దుంప తెగ, కూరకి తెచ్చుకున్నవి ఏవి?" అని నవ్వావు.

మూడో గొట్టం మాత్రం నా చేతిలో పుట్టిన మంచి వస్తువు. దాని మూతి అంచు దుంపని కోసుకుని బిగుసుకునేటప్పటి చప్పుడు, పేలాక లోపలినుంచి వచ్చే ఉడుకు దుంప వాసన, కళ్ళకి అందకుండా పోయిన దుంప ఎక్కడో ఇసకలో పడ్డ చప్పుడు. ఒక్కో దుంప ఎన్ని అడుగులు పోయిందో నడిచి కొలిచి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ప్రతి దెబ్బకీ ఫోన్లో వీడియో తీసేవాణ్ణి. "ఇది దేనికి పనికొస్తాదిరా?" అని మీ అమ్మ అడిగితే, "ఏటికీ పనికిరాదత్తా" అన్నాను. అందుకే దాని మీద నాకు అంత ఇష్టం. వారమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి గొట్టాలు వేస్తాను. అదొక్కటీ నా కోసం వేసుకున్నది.

ఏప్రిల్లో, నువ్వు ఆడవాళ్ళ ప్రార్థనకి వెళ్ళిన మధ్యాహ్నం, రేకుల షెడ్డు తలుపు మూసుకుని దాన్ని పరీక్షించాను. బయట పేలిస్తే పక్కవాళ్ళు అరుస్తారని మూశాను. వెనక బిగించిన మూత, ఎండ్ క్యాప్, ఊడి గోడకి కొట్టుకుంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రేకుల మధ్య ఆ చప్పుడుకి నా చెవిలో కుక్కరు ఈల మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. నువ్వు వచ్చి ఏదో అడిగావు. నీ పెదాలు కదలడం చూశాను. చెవిలో నీళ్ళు పోయాయని అబద్ధం ఆడాను. చెప్తే గొట్టం విరగ్గొడతావని భయపడ్డాను. అదీ కారణం. గొప్ప కారణమేమీ కాదు.

తరవాత నువ్వు పప్పు తెమ్మంటే ఉప్పు తెచ్చాను. మొదట్లో నవ్వావు. జూన్ వచ్చేసరికి నవ్వడం మానేశావు. నీ మాటంటే నాకు లెక్కలేదనుకున్నావు. చెవిటివాణ్ణని తెలియడం కన్నా అదే నయమని, అలాగే అనుకోనిచ్చాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇక ఆ ఆదివారం సంగతి. ఎల్లాజీ పని గురించి నీకు నేను చెప్పాలా? అయినా చెప్తాను, ఎందుకంటే అంతా అందులోనే ఉంది. సూరయ్య పడవలో ముక్కు దగ్గర నిలబడేవాడు మీ అన్న. నీళ్ళ రంగు చూసి, చేపల గుంపు ఎక్కడుందో పసిగట్టి వాడు "వదిలీ" అంటే వల పడుతుంది. "వదిలీకు" అంటే వెనక చేతులన్నీ ఆగిపోతాయి. వెనకున్నవాళ్ళు నీళ్ళని చూడరు, వాడి నోటిని వింటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ నోరు ఒక్కసారి తప్పలేదని ఊరంతా చెప్పుకుంటుంది. గొట్టం దగ్గరా మేము అదే పద్ధతి పెట్టుకున్నాం. వాడు దూరాన ఆయిల్ డబ్బా నిలబెట్టి, పక్కన సరుగుడు తోటలోకి తప్పుకుని, "వదిలీ" అని కేకేస్తాడు. నేను గొట్టం మీద వంగి ఉంటాను. తల ఎత్తను. మీట నొక్కుతాను.

ఆ రోజు చర్చి అయ్యాక మీ ఊరి ఇసకలో మూడు దుంపలు పేల్చాం. నాలుగోది కూరాను. కేక వచ్చింది. నాకు వినపడింది "వదిలీ" అని. నొక్కాను. తల ఎత్తి చూసేసరికి ఎల్లాజీ తోటలో లేడు. డబ్బాకి నాలుగడుగుల పక్కన, ముఖం నావైపు పెట్టి ఉన్నాడు. దుంప డబ్బా అంచుకి తగిలి చీలింది. సగం ముక్క వాడి ఎడమ కంటికి కొట్టింది. వాడు ఏమీ అరవలేదు, ఇసకలో కూర్చుండిపోయాడు. అరిచినా నాకు వినపడలేదేమో, అదీ చెప్పలేను.

ఎదురుగా నిలబడ్డ మనిషి పేల్చమని ఎందుకంటాడు? "వదిలీకు" అనే ఉంటాడు. చివరి "కు" నా చెవిలోకి రాలేదు. మన మాటల్లో చెయ్యమనడానికీ వద్దనడానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క అక్షరం. నాకు వినపడనిదీ అదే.

శ్రీకాకుళం ఆసుపత్రిలో కానిస్టేబులు కాగితం పట్టుకొచ్చి, పేల్చమన్నది ఎవరని అడిగాడు. ఎల్లాజీ కంటికి గుడ్డ అదుముకుని ఏదో చెప్పాడు. కానిస్టేబులు రాసుకుని పెద్దగా చదివాడు. "నానే వదిలీ అన్నానండి, మా బావ తప్పేటీ నేదు." నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. చెల్లెలి మొగుణ్ణి కేసులోంచి తప్పించడానికి వాడు అబద్ధం ఆడాడు, నేను ఆడనిచ్చాను.

ఆ అబద్ధం ఇప్పుడు వాడి కూడు తీస్తోంది. మొన్న సూరయ్య మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడాడు కాబట్టి అన్నీ అర్థమయ్యాయి. "కన్నొకటి పోతే పోనీ బెన్హరూ, రెండోది ఉన్నాది. నోరు జారిపోనాక ఆడినెలా ముందు నిలబెడతాను, సెప్పు? నడి సంద్రంలో వదిలీకు అనాల్సిన సోట వదిలీ అంటే వలెల్లి రాళ్ళల్లో సిక్కుతాది. పడవ తిరగబడిపోతాది." అప్పుడే కూర్మయ్యని ముందు నిలబెట్టారట. పదిహేనో తారీఖుకి మనుషుల్ని ఖాయం చేసుకుంటారు. ఆ రోజు దాటితే ఎల్లాజీకి ఆ చోటు ఇంక లేదు. వాడికి వేరే పని రాదు. చేపలు లేని చోట వాడు ఎలా బతుకుతాడో నేను ఊహించలేను.

నేను నిజం చెబితే వాడి నోరు నిలబడుతుంది, చోటు తిరిగొస్తుంది. నా మీద కేసు పడుతుంది. దానికి నాకు అంత భయం లేదు. నా భయం నువ్వు. చెవిటివాణ్ణని తెలిసీ గొట్టం పట్టుకుని నీ అన్న కన్ను తీశాను. ఇది చదివాక నువ్వు ఈ ఇంటికి రావేమోనని భయం. అయినా పదిహేను లోపల సూరయ్య దగ్గరకి వెళ్తాను. ముందు నీకు చెప్పకుండా వెళ్ళలేకపోయాను.

ఒక్క మాట జవాబు రాయి. ఫోన్ చెయ్యకు.

నీ
బెన్హర్

నరసన్నపేట,
7 ఆగస్టు 2017, సోమవారం.

దీవెనా, నా తల్లీ,

ఉత్తరం అందిందని తవిటమ్మ వదినతో అన్నావట. అంతకుమించి ఒక్క ముక్క అనలేదట. "ఏటి రాసినావు బాబూ దానికి? గొంతు మారిపోనాది" అని ఆవిడ నన్ను నిలదీసింది. ఆవిడకి కూడా చెప్పేశాను. చెవి గురించి చెప్పడం రెండోసారి కొంచెం తేలికైంది.

నిన్న చర్చిలో పాస్టరుగారు "మాట జారి కన్ను పోగొట్టుకున్న మన సహోదరుడి కోసం" ప్రార్థన చేయిద్దామన్నారు. ఆయన పెదాలు నాకు బాగా తెలుసు, ప్రతి మాటా అందింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అన్నాక నా నోరంటే నాకే అసహ్యం వేసింది.

నేను నీ దగ్గర ఇంకొకటి దాచాను. అంత పెద్ద ఉత్తరం రాసి, అన్నీ ఒప్పుకుంటున్నానని మురిసిపోతూ, అసలుది పక్కన పెట్టేశాను.

ప్రతి దెబ్బకీ వీడియో తీసేవాణ్ణని రాశాను కదా. నాలుగో దెబ్బకీ తీశాను. నా పక్కనే రెండు ఇటికల మీద ఫోన్ నిలబెట్టి ఉంది. కానిస్టేబులు అడిగితే ఆ రోజు ఫోన్లో చార్జింగ్ లేదన్నాను. నీకూ అదే చెప్పాను. ఉంది దీవెనా. మొత్తం నిమిషం పైన ఉంది.

అందులో ఎల్లాజీ అన్నది ఉంటుంది. ఫోన్ నా చెవి పక్కనే ఉంది కాబట్టి, మంచి చెవి ఉన్నవాడు నా చోట కూర్చుంటే ఏం వినేవాడో అదే దానికీ వినపడి ఉంటుంది. వందసార్లు పెట్టుకుని ఉంటాను. ఇయర్‌ఫోన్ ఎడమ చెవిలో కూరి, సౌండ్ చివరిదాకా పెంచి విన్నాను. "వదిలీ" అని వస్తుంది. దాని వెనక గాలి హోరు. ఆ హోరులో ఇంకేదో ఉంది. అది "కు" అవునో కాదో నాకు తెలియదు. నా కేసులో సాక్షి నా జేబులోనే ఉన్నాడు, వాడు చెప్పేది నాకు వినపడదు.

శనివారం ఒక పని చేశాను. తవిటమ్మ వదిన పెరట్లో ఎండుచేపలు తిప్పుతుంటే, ఆవిడకి వీపు పెట్టి నిలబడి, "ఎల్లు అనో ఎల్లకు అనో ఏదో ఒకటి అను, నేను చెప్తాను" అన్నాను. ఆవిడ ఇరవైసార్లు అంది. నేను ప్రతిసారీ ధైర్యంగా చెప్పాను. పదమూడు తప్పాను. "ఎల్లకు" అన్న ప్రతిసారీ నాకు "ఎల్లు" అనే వినపడింది. ఆవిడ నా భుజం పట్టుకుని తిప్పి, "ఒరే బెన్హరూ, ఇలాగుండి రోడ్డు మీద బండెలా తోల్తన్నావురా నాయినా?" అని ఏడ్చినంత పని చేసింది. ఆ తరవాత బండి తీయలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోనీ. ఆ వీడియో చెరిపేద్దామని రెండుసార్లు వేలు పెట్టాను. చెరిపేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఎల్లాజీ ఎలాగూ నా తప్పు లేదనే అంటాడు. నువ్వు నన్ను తిట్టుకుంటూ అయినా ఇంటికి వస్తావు. రెండోసారి వేలు చాలాసేపు ఉంది. చివరికి ఫోన్లోంచి మెమరీ కార్డే పీకేశాను. ఈ ఉత్తరం మడతలో, గమ్ముతో అతికించిన కాగితం పొట్లంలో ఉంది చూడు. జాగ్రత్తగా చించు. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

నువ్వు విను. నీ చెవి కన్నా నాకు నమ్మకమైనది లేదు. "కు" ఉంటే సూరయ్యకి వినిపించు, పోలీసులకీ వినిపించు, నన్ను అడగక్కర్లేదు. పిలిచిన చోటికి వస్తాను. ఎల్లాజీ అడ్డుపడతాడు. వాడి మాట వినకు.

మూడో గొట్టం కోసి పారేశాను అని రాస్తే నీకు బాగుండేది. కొయ్యలేదు. పోలీసులు అడుగుతారేమోనని మాత్రమే కాదు, చెయ్యి రాలేదు. ఇంత జరిగాక కూడా షెడ్డులోకి వెళ్తే దాని మూతి అంచు తడుముతున్నాను. నేను ఎలాంటివాణ్ణో నీకు పూర్తిగా తెలియాలని ఇది కూడా రాస్తున్నాను.

ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి.

నీ
బెన్హర్

విజయనగరం,
11 ఆగస్టు 2017, శుక్రవారం.

బావా,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను. పైన ఆ కొట్టివేతలు కనిపిస్తాయి, చూసుకో. రెండింటిలో ఏది నిజమని అడిగితే రెండూ నిజమే.

ముందు కన్ను సంగతి, నువ్వు అడగలేకపోయిన సంగతి. నిన్న కట్టు విప్పారు. కనుగుడ్డు నిలబడింది. చూపు నిలబడలేదు. టార్చి వేస్తే వెలుగు వచ్చిందంటాడు, చెయ్యి ఊపితే చెయ్యి అనలేడు. ఇంతకన్నా రాదని డాక్టరమ్మ చెప్పింది. అన్న అద్దం అడిగి చూసుకుని, "పర్నేదు, ఎదురోడు భయపడీలా నేదు" అన్నాడు. అమ్మ వరండాలోకి పోయి ఏడ్చి వచ్చింది. నేను ఏడవలేదు, అప్పటికి నీ మొదటి ఉత్తరం నా జాకెట్టులో అయిదు రోజులుగా ఉంది.

అది చదివాక నీకు జవాబు ఎందుకు రాయలేదో చెప్తాను. చెవి పోయినందుకు కాదు. ఏప్రిల్ నుంచీ నేను నీ కుడి పక్కన పడుకుని చెప్పుకున్నవన్నీ ఏమయ్యాయో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. నీకు విసుగొచ్చానని, నా ముఖం చూడ్డం ఇష్టం లేక తల తిప్పుకుంటున్నావని, ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా అనుకున్నాను. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకున్నాను. చెవి వినపడటం లేదని ఒక్క మాట అంటే సరిపోయేదానికి నాలుగు నెలలు నన్ను అలా ఉంచావు. గొట్టం విరగ్గొడతానని! విరగ్గొట్టేదాన్నే. విరగ్గొట్టి, నీకు అన్నం పెట్టి, చెవి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళేదాన్ని.

నీ పొట్లం నిన్న మధ్యాహ్నం అందింది. నా బటన్ ఫోన్లో ఆ కార్డు పట్టదు. సూరయ్య, కూర్మయ్య, పడవ మనుషులు ఇంకో ఇద్దరు అన్నని చూడ్డానికి అప్పుడే వచ్చారు. కూర్మయ్య ఫోన్ అడిగి తీసుకుని ముందు నేనొక్కదాన్నే మెట్ల మీదకి పోయి విన్నాను.

అందులో "కు" లేదు బావా.

ఆ కేక దాకానే పెట్టి, అక్కడే ఆపేసి మూడుసార్లు విన్నాను. నాలుగోసారి ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను. "వదిలీ బావా" అన్నాడు అన్న. స్పష్టంగా. నీకు వినపడిందే వాడు అన్నాడు. అంటే నిజంగానే వాడి నోరు జారిందా, సూరయ్య అన్నదే నిజమా, ఇంక వాడికి పడవ లేదా? ఆ మెట్ల మీద కూర్చుని నీ మీద నాకు కోపం కూడా వచ్చింది. ఎందుకు పంపావు ఇది, చెరిపెయ్యలేకపోయావా అనిపించింది. చూశావా, నాకూ నీ వేలే వచ్చింది.

లోపలికి వెళ్ళి అందరి ముందూ అడిగేశాను. "అన్నా, వదిలీ అన్నావా నువ్వు?"

"అన్నాననే కదే సెప్తన్నాను. పోలీసోడికీ అదే సెప్పినాను" అన్నాడు.

"ఎదురుగా నిలబడి ఎలా అన్నావు?"

"వదిలీ అన్నానే గానీ, పేల్సీ అనా? డబ్బా కింద ఇసకంతా జారిపోనాది, నిలబడతనేదు. ఎండా ఎక్కిపోనాది. సాల్లే బావా, ఇంక వదిలీ, అని. సాలించీమని." అంటూనే వాడి నోరు ఆగిపోయింది. తన మాట తనకే అప్పుడు అర్థమైనట్టుంది. "ఓలమ్మో" అని తల పట్టుకున్నాడు.

అబద్ధం ఆడలేదు బావా వాడు. నిన్ను కాపాడటానికి ఏమీ కల్పించలేదు. పంతొమ్మిదేళ్ళు పడవ మీద ఒకే అర్థంలో అన్న మాటని ఆ రోజు గట్టు మీద ఇంటి మనిషిలా అన్నాడు. మనమంతా రోజుకి పదిసార్లు అనేదే. పిల్లల్ని అంటాం, పోట్లాడుకునేవాళ్ళని అంటాం. గొట్టం దగ్గర నిలబడి మాత్రం అనకూడదు. వాడికి తట్టలేదు.

సూరయ్య ఫోన్ తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. కళ్ళు తెరిచి, "ఇది పడవ కేక కాదు" అన్నాడు. "ఆడి పడవ కేక నాకు తెల్దేటి? పొడుగ్గా సాగదీసి, ఆకర్ని తెంపుతాడు. ఇది పొట్టిగున్నాది, యిసుగ్గా ఉన్నాది. ఇంటికాడ మాట. నోరేటీ జారనేదు ఆడికి." తక్కినవాళ్ళు కూడా విని అవునన్నారు. కూర్మయ్య అందరికన్నా ముందు అన్నాడు. ముక్కు దగ్గర నిలబడ్డ పదిహేను రోజుల్లో నాలుగుసార్లు ఖాళీ వల తీయించాడట, వదిలించుకుందామని చూస్తున్నాడు. కన్ను మానాక ఎల్లాజీయే ముందు నిలబడతాడు, అది ఖాయం చేసి వెళ్ళారు. ఒక్క షరతు పెట్టాడు సూరయ్య. ఇక మీదట పడవలో ఉత్త "వదిలీ" లేదు. "వల వదిలీ" అనాలి.

కాబట్టి నువ్వు పోలీసుల దగ్గరకి వెళ్ళి చెప్పడానికి "కు" ఏమీ లేదు. ఇక్కడితో నీకు ప్రాణం లేచి వస్తుంది. రానీ. కానీ చదవడం ఆపకు.

ఆ వీడియోలో నువ్వు వినలేకపోయిన "ఇంకేదో" ఉంది కదా, గాలి హోరులో. సూరయ్య వాళ్ళు వెళ్ళేముందు చివరిదాకా పెట్టి చూశాను, అది నేను చెప్తాను. కేక వినపడగానే నొక్కాను అని రాశావు. లేదు బావా. "వదిలీ బావా" అన్నాక నీ మోచెయ్యి ఓ మూల కదులుతూ ఉంది, గొట్టం సర్దుకుంటున్నావు. నేను లెక్కపెట్టాను, ఏడు అంకెలు వచ్చాయి. ఏడు అంకెల సేపట్లో తల ఒక్కసారి ఎత్తొచ్చు. నీకు కావలసిన మాట వినపడింది, ఇంక చూడాలనిపించలేదు. ఇది చెవి తప్పు కాదు. చెవి మీదకి నెట్టెయ్యకు.

ఆ ఏడు అంకెల్లో అన్న ఏం చేశాడో కూడా అందులో ఉంది. నువ్వు వందసార్లు పెట్టుకున్నానన్నావు. వాడు ఎందుకు నీవైపు తిరిగి ఉన్నాడో ఒక్కసారి అడగలేదు. నేను అడిగాను. వాళ్ళంతా వెళ్ళిపోయాక.

వాడు "వదిలీ బావా" అనేసి, నీకు వీపు పెట్టి ఊరివైపు నాలుగడుగులు వేశాడు. అలాగే పోతే ఆ ముక్క వీపుకి తగిలేది. నడుస్తూ నడుస్తూ ఆగాడు. వెనక్కి తిరిగి, రెండు చేతులూ నోటికి పెట్టుకుని, ఇంకా గట్టిగా, "ఎండెక్కిపోనాది, ఇంటికెల్లిపోదాం" అని అరిచాడు. ఆ "పోదాం" సగంలో పేలింది. అమ్మకి సగం చెవుడు, ఆమెకి కూడా ఫోన్లో అది వినపడింది.

"రెండోసారి ఎందుకరిచావన్నా?" అని అడిగాను.

"బావకి ఇనపడతాదో నేదోనని" అన్నాడు.

వాడికి తెలుసు బావా. మే నెలలో సత్యవతి పిన్ని కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర నీ కుడి పక్కన కూర్చుని మూడుసార్లు పెరుగు అడిగాడట. నువ్వు అందివ్వలేదు. అప్పటినుంచీ నీ ముఖం చూసి, గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆడు సెప్పుకోవాల్సింది నాను సెప్తే బాగుంటాదేటి? ఆడే సెప్తాడు గదా అనుకున్నాను" అన్నాడు. నీకు మళ్ళీ చెప్పాలనే ముఖం తిప్పాడు.

నువ్వు ఒక్కసారి "బావా, నాకు వినపడదు" అని వాడితో అని ఉంటే, ఆ రోజు వాడు అంత దూరం నుంచి అరిచేవాడు కాదు. నీ దగ్గరకి నడిచొచ్చి, భుజం మీద చెయ్యేసి చెప్పేవాడు.

ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కు. సూరయ్యకి నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పాలి, తల ఎత్తలేదని, ఆగలేదని. ఇక్కడ చెవి డాక్టరు ఉన్నాడు, సోమవారం, గురువారం చూస్తాడు. అవన్నీ తరవాత. ముందు అన్న మంచం దగ్గరకి రా. వాడు నిన్ను తిట్టడు, నాకు తెలుసు. ఏదో ఒకటి చెప్తాడు. సగంలో నువ్వు మాట్లాడకు. వాడి ముఖం చూసి, మాట మొత్తం అయ్యేదాకా విను.

నీ
దీవెన